బ్యాగ్ కింద చర్మం మాడడం మామూలు కాదు

ఒంట్లో బాగోలేని సంగతుల్లో అందరికీ చెప్పుకునేవి కొన్ని, గొంతు తగ్గించి చెప్పుకునేవి కొన్ని, అసలు చెప్పుకోనివి కొన్ని ఉంటాయి. షుగరు, బీపీ, మోకాళ్ళ నొప్పులు మొదటి రకం. తెనాలిలో బస్సెక్కితే రేపల్లె వచ్చేలోగా పక్కసీటావిడ వాడే మందుల పేర్లన్నీ మనకి కంఠతా వచ్చేస్తాయి. గర్భసంచి ఆపరేషన్ రెండో రకం. కడుపు మీద బ్యాగ్ పెట్టించుకోవడం మూడో రకం. ఆ బ్యాగ్ కింద చర్మం ఎర్రగా మాడి, చెమ్మ కారుతూ, రాత్రిళ్ళు నిద్ర పట్టనివ్వకపోతే ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పరు చాలామంది ఆడవాళ్ళు. చెప్పినా వచ్చే జవాబు ఒకటే. "బ్యాగ్ పెట్టాక ఆ మాత్రం మామూలేలే."

నా పేచీ ఈ మాటతోనే. అది మామూలు కాదు. బ్యాగ్ చుట్టూ చర్మం పొట్ట మీద మిగతా చర్మంలాగే ఉండాలి. లేకపోతే దానికో కారణం ఉంటుంది. చాలాసార్లు ఆ కారణం చిన్నదే, ఇంట్లోనే సరిచేసుకోగలిగినదే. మామూలే అనుకుంటే మాత్రం ఎవరూ వెతకరు.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్తాను. పేగుకి క్యాన్సర్ వచ్చినా, చిల్లు పడినా, అడ్డం పడినా డాక్టర్లు ఒక్కోసారి పేగుని పొట్ట మీదకి తెచ్చి కుడతారు. మలం ఆ దారినే బయటికి వస్తుంది. ఆ దారినే స్టోమా అంటారు. పెద్దపేగుని తెస్తే కొలోస్టమీ, చిన్నపేగుని తెస్తే ఇలియోస్టమీ. కొందరికి కొన్ని నెలలే ఉంటుంది, కొందరికి జీవితాంతం ఉంటుంది. స్టోమా చూడటానికి మన బుగ్గ లోపలి భాగంలా ఎర్రగా, తడిగా ఉంటుంది. ముట్టుకున్నా దానికి నొప్పి తెలియదు. నొప్పంతా దాని చుట్టూ ఉన్న చర్మానిదే.

మా అత్తయ్య గారికి పెద్దపేగు చివర క్యాన్సర్ తీసేసి, లోపలి కుట్లు మానేదాకా అని చిన్నపేగుని పైకి తెచ్చారు. చిన్నపేగు నుంచి వచ్చేది పల్చగా ఉంటుంది, అందులో అన్నాన్ని అరిగించే రసాలు ఉంటాయి. అన్నాన్ని అరిగించేది చర్మాన్ని మాత్రం వదులుతుందా? కాసేపు తగిలితే మంట, కొన్ని గంటలు తగిలితే ఎరుపు, రోజుల తరబడి తగిలితే పైపొర లేచిపోయి పచ్చిపుండు. అందుకే కొలోస్టమీ ఉన్నవాళ్ళకన్నా ఇలియోస్టమీ ఉన్నవాళ్ళకి ఈ బాధ ఎక్కువ.

ఆపరేషన్ చేసిన చోట డిశ్చార్జి రోజున ఒక కాగితం మీద గుండ్రంగా గీసి, "ప్లేటుకి ఈ సైజులో రంధ్రం కత్తిరించుకోండి" అని ఇచ్చి పంపారు. ప్లేటంటే బ్యాగ్‌ని చర్మానికి అంటించే భాగం. అత్తయ్య గారి పొట్ట రెండు నెలల్లో పండు మిరపకాయలా అయింది. ఒకరు ప్లేటు పడలేదన్నారు, ఒకరు వేడి చేసిందన్నారు, వంకాయ తినడం వల్లే అని మా వీధిలో ఇంకొకరు తేల్చేశారు. చివరికి వేరే ఊళ్ళో ఒక స్టోమా నర్సు ఆ కాగితం చూసి, కొలత అట్ట తెచ్చి స్టోమాకి పెట్టి చూపించింది. ఆ గీత 45 మిల్లీమీటర్లు. స్టోమా 30కి తగ్గిపోయి ఉంది. మధ్యలో ఉన్న చర్మమంతా రాత్రింబవళ్ళు ఆ రసంలో నానుతోంది.

ఆపరేషన్ అయిన కొత్తలో స్టోమా వాచి ఉంటుందట. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో తగ్గుతూ వస్తుంది. అందాకా వారానికోసారైనా కొలవాలి. రంధ్రం స్టోమా కన్నా 2, 3 మిల్లీమీటర్లు మాత్రమే పెద్దదిగా ఉండాలి. బాలింతగా ఉన్నప్పుడు కుట్టించిన జాకెట్టు కొలతలు ఏడాది తర్వాత పనికొస్తాయా? ఇదీ అంతే. ఇంత చిన్న సంగతి డిశ్చార్జి కాగితంలో ఒక్క లైను రాసి ఉంటే అత్తయ్య గారికి రెండు నెలల నరకం తప్పేది.

మన డెల్టా ఊళ్ళ ఆడవాళ్ళకి ఈ పుండ్ల సంగతి అర్థం కావడానికి పుస్తకాలు అక్కర్లేదు. నాట్ల రోజుల్లో మడిలో నిలబడే కూలీల కాళ్ళు చూడండి. వేళ్ళ సందులు తెల్లగా నాని, ఒరిసిపోయి, ఆ తర్వాత పుళ్ళు పడతాయి. సాయంత్రం ఎంత మందు రాసినా పొద్దున్నే మళ్ళీ నీళ్ళలో దిగితే మానదు. ముందు కాలు ఆరాలి, తర్వాతే మందు. స్టోమా చుట్టూ చర్మానికీ అదే సూత్రం. ముందు కారడం ఆగాలి. కారుతున్న ప్లేటు కింద ఎంత ఖరీదైన మందు వేసినా వృథా.

ఎరుపులన్నీ ఒకటి కావు. ఎక్కడ, ఏ ఆకారంలో ఉందో చూస్తే సగం జవాబు అక్కడే దొరుకుతుంది. ఆ నర్సు చెప్పినవీ, తర్వాత నేను చదివి, డాక్టర్ని అడిగి తెలుసుకున్నవీ చెప్తాను.

ఎరుపు స్టోమాని ఆనుకుని, ముఖ్యంగా కింది వైపో ఒక పక్కకో ఉంటే అది కారడం వల్ల. తీసిన ప్లేటుని తిప్పి వెనకవైపు చూడండి. ఎటు వైపు మలం చేరిందో, ఎటు జిగురు కరిగిపోయిందో అక్కడే తెలుస్తుంది. పారేసే ముందు ప్లేటు వెనక చూడటం అన్నిటికన్నా ముఖ్యమైన అలవాటు.

ఎర్రటి మచ్చ, దాని అంచు దాటి అక్కడక్కడ చిన్న చిన్న ఎర్ర పొక్కులు, దానికి తోడు విపరీతమైన దురద ఉంటే అది చాలావరకు ఫంగస్. తడి, వెచ్చదనం, చీకటి దానికి ఇష్టం. సముద్రం గాలికి ఏడాదిలో సగం రోజులు ఒళ్ళు జిడ్డోడే మా రామాపురం లాంటి ఊళ్ళలో అది రాకపోతేనే వింత. షుగర్ ఉన్నవాళ్ళకీ, యాంటీబయాటిక్స్ ఎక్కువ రోజులు వాడినవాళ్ళకీ, కీమో నడుస్తున్నవాళ్ళకీ తొందరగా పడుతుంది. దీనికి డాక్టర్లు ఫంగస్‌ని చంపే పౌడర్ రాస్తారు. పౌడరే ఎందుకంటే ఆయింట్‌మెంట్ రాస్తే ప్లేటు అంటుకోదు. అంటుకోకపోతే కారుతుంది, కారితే మళ్ళీ మొదటికే వస్తాం.

వెంట్రుకల కుదుళ్ళ దగ్గర చీముపొక్కులు వస్తే అది బాక్టీరియా పని. ప్లేటుని ఒక్క ఊపులో పీకడం వల్లో, బ్లేడుతో గీయడం వల్లో వస్తాయి. మగవాళ్ళకి ఎక్కువ. వెంట్రుకల్ని కత్తెరతోనో ట్రిమ్మర్‌తోనో పొట్టిగా చేస్తే చాలు. పొక్కులు ఎక్కువైతే డాక్టరుకి చూపించాలి.

ఎరుపు సరిగ్గా ప్లేటు ఆకారంలోనే, గీత గీసినట్టు ఉంటే అప్పుడు అనుమానించాలి ప్లేటు పడలేదని. అప్పుడు వేరే కంపెనీది మార్చి చూస్తారు. మనవాళ్ళు మొట్టమొదట అనేది ఈ మాటే కానీ, అసలు కారణం చాలాసార్లు కారడమే.

ఇక మానడం సంగతి. పద్ధతి చెప్పడానికి చిన్నదే, ఓపికే కావాలి. ప్లేటుని పై అంచు నుంచి మెల్లగా తీయాలి. ఒక చేత్తో ప్లేటు లేపుతూ రెండో చేత్తో చర్మాన్ని కిందికి నొక్కుతూ పోవాలి. గోరువెచ్చని నీళ్ళు, మెత్తటి బట్ట చాలు. రుద్దకూడదు, అద్దాలి. బాగా ఆరనివ్వాలి. చెమ్మగా ఉన్న పచ్చి చోట స్టోమా పౌడర్ చల్లి, చెమ్మ పీల్చుకున్నాక ఎక్కువైంది దులిపేయాలి. దాని మీద స్పిరిట్ లేని బారియర్ ఫిల్మ్ అద్దాలి. అది చర్మం మీద పల్చని పొరలా ఆరుతుంది. మరీ పచ్చిగా ఉంటే పౌడర్, ఫిల్మ్ ఒకదాని మీద ఒకటి రెండు మూడు సార్లు వేయమంటారు. అప్పుడు ప్లేటు అంటించి, అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే పట్టుకోవాలి. ఆ వెచ్చదనానికి జిగురు బాగా పడుతుంది. పొట్ట మీద మడతలు, గుంటలు ఉంటే పేస్ట్‌తో పూడ్చాలి. పేస్ట్ అంటించే గమ్ కాదు, గోడకి పట్టే లప్పం లాంటిది. స్టోమా లోపలికి పోయినట్టుంటే మధ్యలో ఉబ్బుగా ఉండే ప్లేట్లు దొరుకుతాయి, నర్సుని అడగాలి.

బ్యాగ్ మూడో వంతు నిండగానే ఖాళీ చేయాలి, బరువుకి ప్లేటు లేచిపోకుండా. ప్లేటు మూడు నాలుగు రోజులకోసారి మార్చడం మామూలు పద్ధతి. కానీ లోపల దురదో మంటో తెలిస్తే అది నిన్న మార్చినదైనా సరే తీసి చూడాలి. ప్లేటు ఖరీదు చూసుకుని, కారుతున్న చోట టేపు వేసి ఇంకో రోజు నడిపేద్దాం అనిపిస్తుంది. టేపు కారడాన్ని ఆపదు, లోపలే దాస్తుంది. మార్చడానికి మంచి వేళ పొద్దున్నే, ఏమీ తినకముందు.

అత్తయ్య గారికి రంధ్రం సరిచేసి ఇదంతా చేస్తే పది రోజుల్లో మంట పోయింది. మూడు వారాలకి చర్మం చర్మంలా అయింది.

మన వంటింటి వైద్యం గురించి కూడా చెప్పాలి. పసుపన్నా కొబ్బరినూనె అన్నా నాకూ గౌరవమే. కానీ స్టోమా చుట్టూ వాటికి చోటు లేదు. పసుపు ముద్ద ఎండి పొరలా నిలుస్తుంది, నూనె జారుతుంది. రెండిట్లో దేని మీదా ప్లేటు నిలవదు. మొహానికి వేసుకునే పౌడరూ అంతే. డెట్టాల్, స్పిరిట్ పచ్చి చర్మాన్ని ఇంకా కాలుస్తాయి. ఇక మందుల షాపులో "అన్నిటికీ పనిచేస్తుంది, రాయండి" అని ఇచ్చే ట్యూబులున్నాయి చూడండి, వాటిల్లో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రెండు రోజులు దురద తగ్గినట్టే ఉండి, అడుగున ఫంగస్ పెరుగుతుంది. డాక్టరు రాయకుండా అవి వాడొద్దు.

జ్వరం వచ్చినా, ఎరుపు రోజురోజుకీ పాకుతున్నా, చీము పట్టినా, ఊదారంగు అంచుతో నొప్పి పెట్టే లోతైన పుండు పడినా ఇంటి వైద్యం ఆపేసి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. స్టోమా నల్లగానో ముదురు ఊదాగానో మారినా, కడుపునొప్పి, వాంతులతో బ్యాగ్‌లోకి ఏమీ రాకుండా ఆగిపోయినా అది అత్యవసరం. తెల్లారేదాకా ఆగకూడదు.

ఆడవాళ్ళకి మాత్రమే ఉండే ఒక చిక్కు ఉంది. అదే లంగా బొందు. మనం బిగించి కట్టేది ఎక్కడ? సరిగ్గా నడుము మీద. స్టోమా ఆ గీత మీదే పడితే బొందు ప్లేటుని ఒత్తుతుంది, కూర్చున్నప్పుడల్లా అంచు లేస్తుంది, కారుతుంది, చర్మం పోతుంది. అందుకే ఆపరేషన్‌కి ముందే, పేషెంటుని నిలబెట్టి, కూర్చోబెట్టి, వంగమని, పొట్ట మీద మడతలు ఎక్కడ పడుతున్నాయో చూసి, ఎక్కడ తేవాలో పెన్నుతో గుర్తు పెట్టాలి. ఇది నేను కనిపెట్టింది కాదు, వైద్యంలో ఉన్న పద్ధతే. ముందే ఇలా గుర్తు పెడితే తర్వాత చిక్కులు తగ్గుతాయని డాక్టర్లే చెప్తారు. అర్ధరాత్రి అర్జెంటు ఆపరేషన్లలో కుదరకపోవచ్చు. కానీ తేదీ ఇచ్చి చేసేవాటిలో మనం అడగొచ్చు. "డాక్టరు గారూ, ఈవిడ చీర కట్టుకుంటారు, బొందు ఇక్కడ కడతారు" అని చెప్పడానికి సిగ్గు పడక్కర్లేదు. కాగితాల మీద సంతకం పెట్టే మగవాళ్ళకి ఈ సంగతి తట్టదు. మనమే చెప్పాలి.

చర్మం కన్నా ఎక్కువ మాడేది మనసు. కారుతుందేమో, వాసనొస్తుందేమో అని అత్తయ్య గారు పెళ్ళిళ్ళకి మానేశారు. పూజ గదిలోకి అడుగు పెట్టలేదు. అన్నం కూడా తగ్గించేశారు, తినకపోతే బ్యాగ్ నిండదు కదా అని. చిన్నపేగు స్టోమా ఉన్నవాళ్ళకి ఒంట్లో నీరు, ఉప్పు ఊరికే పోతుంటాయి. వాళ్ళు కడుపు మాడ్చుకోవడం, నీళ్ళు తగ్గించడం ప్రమాదం. ఒక శుక్రవారం ఆవిడ గడప అవతలే నిలబడి దణ్ణం పెట్టుకుంటుంటే మావయ్య గారు అన్నారు, "ఆ సంచి నీ ప్రాణం నిలబెట్టింది. దేవుడికి దాంతో అభ్యంతరం ఉంటే నన్ను అడగమను." అత్తయ్య గారు నవ్వి లోపలికి వచ్చారు.

మా ఇంట్లో ప్లేటు కత్తిరించేది మావయ్య గారే. కొలత అట్ట పెట్టి, పెన్సిల్‌తో గీసి, వంపు కత్తెరతో పొలం గట్టు చెక్కినంత శ్రద్ధగా కత్తిరిస్తారు. కోడలికో కూతురికో ఇది రాసిపెట్టి ఉందని ఎవరూ అనుకోకూడదు. భర్తకి బ్యాగ్ వస్తే భార్య ఆ రోజే అన్నీ నేర్చుకుంటుంది, భార్యకి వస్తే మాత్రం భర్త గది బయట నిలబడతాడు. ఇది మారాలి. చేతనైన రోజున పేషెంటే నేర్చుకోవాలి కూడా. ఇప్పుడు అత్తయ్య గారు అద్దం ముందు నిలబడి తనే అంటించుకుంటున్నారు.

ఇంతకీ ఈ వైద్యం ఇంతదూరం రావడానికి ఆడవాళ్ళే కారణం అని తెలిసి నాకు భలే సంతోషం వేసింది. డెన్మార్క్‌లో ఎలిస్ సోరెన్‌సెన్ అనే నర్సు ఉండేది. వాళ్ళ చెల్లెలు థోరాకి స్టోమా పెట్టాక, కారుతుందనే భయంతో ఆ అమ్మాయి ఇంట్లోంచి బయటికి రావడం మానేసింది. చెల్లెలి కోసం ఆలోచించి ఎలిస్ 1954లో ఒంటికి అంటుకునే బ్యాగ్ ఊహించింది. ప్లాస్టిక్ సామాన్లు చేసే లూయీ హాన్సెన్ అనే ఆయన మొదట పట్టించుకోలేదు. నర్సు చదువు చదివిన ఆయన భార్య నచ్చజెప్పాకే చేశాడు. అలా 1957లో పుట్టిందే కోలోప్లాస్ట్ కంపెనీ.

అమెరికాలో ఓహాయో రాష్ట్రంలో నోర్మా గిల్ అనే ఇల్లాలికి డాక్టర్ టర్న్‌బుల్ ఇలియోస్టమీ చేశారు. కోలుకున్నాక ఆవిడ తనలాంటివాళ్ళకి బ్యాగ్ ఎలా పెట్టుకోవాలో, చర్మం ఎలా కాపాడుకోవాలో నేర్పడం మొదలుపెట్టింది. ఆవిడ పని చూసి టర్న్‌బుల్ 1958లో క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో ఉద్యోగమిచ్చారు. 1961లో ఇద్దరూ కలిసి ఈ పనికి శిక్షణ తరగతులు పెట్టారు. ఇప్పుడు స్టోమా నర్సులు అని పిలిచేవాళ్ళందరికీ ఆవిడే మొదటి మనిషి.

ఆ టర్న్‌బుల్ చర్మానికి కాపుగా మొదట్లో వాడింది ఏంటో తెలుసా? కరాయా గమ్. అంటే మన తపసి జిగురు. మన ఏజెన్సీ అడవుల్లో గిరిజనులు తపసి చెట్లకి గాటు పెట్టి తీసేది. 1956లో విశాఖపట్నంలో పెట్టిన గిరిజన సహకార సంస్థ దాన్ని వాళ్ళ దగ్గర కొంటుంది. తడిని పీల్చుకుని ఉబ్బి చర్మానికి అంటుకునే గుణం దానిది. ఇప్పటి ప్లేట్లలో ఎక్కువగా వేరే జిగుళ్ళు వచ్చాయి. కానీ ఎక్కడో అమెరికాలో మాడిన పొట్టలకి మన అడవి జిగురు చల్లదనం ఇచ్చింది. మన ఊళ్ళో పొట్టలకి మాత్రం కొలత అట్ట ఇచ్చి పంపే దిక్కు లేకపోతే ఎలా?

అందుకే నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. స్టోమా పెట్టే ప్రతి ఆసుపత్రీ, పేషెంటు ఇంటికి వెళ్ళే ముందు ఆ ఇంట్లో ఇద్దరి చేత ప్లేటు మార్పించి చూడాలి. కొలత అట్ట ఇవ్వాలి. రెండు, నాలుగు, ఎనిమిది వారాలకి చర్మం చూడటానికి రమ్మనాలి. బాపట్ల, తెనాలి, రేపల్లె లాంటి ఊళ్ళ ఆసుపత్రుల్లో ఒక్క నర్సుకైనా ఈ పని నేర్పాలి. పెద్ద క్యాన్సర్ ఆసుపత్రుల్లో స్టోమా క్లినిక్కులు ఉంటాయి. ముంబైలో ఆస్టమీ అసోసియేషన్ ఆఫ్ ఇండియా ఉంది. కానీ పొట్ట మంటతో ఉన్న మనిషిని అంత దూరం వెళ్ళమనడం న్యాయం కాదు.

మనం చేయగలిగింది ఇంకోటి ఉంది. మీ చుట్టాల్లో, మీ వీధిలో ఎవరికైనా బ్యాగ్ ఉందని తెలిస్తే, "ఎలా ఉన్నారు" అని అడిగి వచ్చేయకండి. తలుపు వేసి, పక్కన కూర్చుని, "పిన్నీ, బ్యాగ్ కింద మంటగా ఉంటోందా?" అని అడగండి. ఉందంటే, ఈసారి ప్లేటు మార్చేటప్పుడు రంధ్రం ఒక్కసారి కొలిచి చూడమనండి.